బొమ్మరాజుల సీమలో మట్టి మహాకాయుడు

సినిమాలో మహావీరుడు నేలమీద కాలు మోపితే దుమ్ము లేవాలి. గద తగిలితే రక్తం చిందాలి. ఆ దుమ్మూ ఆ రక్తమూ నిజమనిపించడానికి గ్రాఫిక్స్ నిపుణులు నెలల తరబడి కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. కార్వేటినగరం చుట్టుపక్కల ఊళ్లలో మాత్రం ఆ పని ట్రాక్టర్ల కొద్దీ మట్టితో, ఓ కుండెడు ఎర్రనీళ్లతో అయిపోతుంది. చూసేవాళ్లందరికీ అది మట్టేనని తెలుసు. అయినా కళ్లు చెమరుస్తాయి!

వేసవి పొద్దు. ఊరి బయట మైదానంలో ఓ మహాకాయుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. గుడ్లురిమే కళ్లు, మెలితిరిగిన మీసాలు, తలమీద కిరీటం, చేతిపక్కన గద. పాదాల దగ్గర నిలబడితే ముఖం కనిపించదు, ముఖం దగ్గరికి వెళ్తే పాదాలు కనిపించవు. చుట్టూ వేలమంది జనం. చంటిపిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు, మిద్దెల మీదా చెట్ల కొమ్మల మీదా సర్దుకున్న కుర్రాళ్లు. ఆ మట్టి దేహం చుట్టూ ఇద్దరు మనుషులు గదలెత్తి పరుగులు పెడుతుంటారు. ఒకరు భీముడు, ఇంకొకరు దుర్యోధనుడు. ఊరు ఊరంతా ఎదురుచూసేది ఒకే ఒక్క దెబ్బ కోసం.

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఏటా వేసవిలో జరిగే భారత ఉత్సవాల్లో ఆఖరి ఘట్టం ఇది. పేరు దుర్యోధన వధ. ‘స్పెషల్ ఎఫెక్ట్స్’ అన్న మాట పుట్టకముందు నుంచీ ఇక్కడి పల్లెలకు ఆ విద్య తెలుసు.

కాడు కొట్టి కట్టిన నగరం

పుత్తూరు నుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్లు వెళ్తే కార్వేటినగరం. దారికి అటూ ఇటూ మామిడి తోటలు, చెరకు మళ్లు, వాటి వెనక కొండల వరస. తమిళంలో ‘కాడు’ అంటే అడవి, ‘వెట్టి’ అంటే నరికి. అడవి కొట్టి కట్టిన ఊరు కాబట్టి కాడువెట్టినగరం అయిందనీ, అదే పలుకుబడిలో కార్వేటినగరంగా మారిందనీ చెబుతారు. పేరులోనే రెండు భాషలు కలిశాయి. ఇక్కడి మాటలోనూ అంతే, తెలుగులోకి తమిళం అడక్కుండానే వచ్చి కూర్చుంటుంది.

ఒకప్పుడు ఇది సంస్థానం. ఏలినవారిని బొమ్మరాజులు అనేవారు. ఆ పేరుకూ మట్టిబొమ్మకూ సంబంధం లేదు గానీ, బొమ్మరాజుల సీమలో ఇంత పెద్ద బొమ్మలు లేవడం వినడానికి ముచ్చటగా ఉంటుంది. వేణుగోపాలస్వామి ఈ ఊరి వేలుపు. ఆ స్వామి పేరునే ముద్రగా పెట్టుకుని సారంగపాణి పదాలు రాసింది ఈ ఆస్థానంలోనే. వర్ణాలు కట్టిన గోవిందసామయ్య పేరూ ఈ ఊరితోనే ముడిపడి ఉంది. ఇప్పటికీ కర్ణాటక సంగీతం నేర్చుకునేవారికి, భరతనాట్యం ఆడేవారికి కార్వేటినగరం అనగానే గుర్తొచ్చేది వీళ్లిద్దరే.

ఊళ్లో అడుగుపెట్టినవారు తప్పకుండా చూడాల్సింది స్కంద పుష్కరిణి. మెట్లు మెట్లుగా లోపలికి దిగే రాతి కోనేరు. తిరుమల తిరుపతి దేవస్థానాల నిర్వహణలో ఉన్న వేణుగోపాలస్వామి ఆలయానికి ఏటా బ్రహ్మోత్సవాలు, తెప్పోత్సవాలు జరుగుతాయి. తెప్ప రోజున దీపాల వెలుగు నీళ్లలో పడి కోనేరంతా కదులుతున్నట్టు ఉంటుంది. దీపం, నీడ, నీళ్లు... ఈ మూడింటితో కనికట్టు చేయడం ఇక్కడివారికి కొత్తేం కాదు.

ఆ మాటకొస్తే ప్రకృతి కూడా ఇక్కడ ఓ కనికట్టు చేసింది. నగరి కొండల్లో ఒక శిఖరం మనిషి ముక్కులా పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని ‘నగరి ముక్కు’ అంటారు. మద్రాసు తీరానికి వచ్చే ఓడలవాళ్లు సముద్రం మీద నుంచే దాన్ని ఆనవాలు పట్టేవారు. సాయంత్రం వేళ చూస్తే కొండంత మనిషి వెల్లకిలా పడుకున్నట్టే ఉంటుంది.

రాజుల కొలువులో పదం, శృంగారం. ఊరి బయట మైదానంలో భారతం, రౌద్రం. ఈ సీమకు రెండూ కావాలి.

పద్దెనిమిది రోజుల పండగ

ఈ ప్రాంతంలో ఊరూరా ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్లు ఉన్నాయి. గుడి ముందు జెండా ఎక్కిందంటే భారతం మొదలైనట్టే. భారతయుద్ధం పద్దెనిమిది రోజులు కాబట్టి చాలాచోట్ల ఉత్సవమూ అన్ని రోజులే. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధి నాటకం. ద్రౌపదీ కల్యాణం, బకాసుర వధ, రాజసూయం, వస్త్రాపహరణం, అర్జున తపస్సు, ఉత్తర గోగ్రహణం, కృష్ణ రాయబారం, అభిమన్యుడి మరణం, కర్ణుడి మోక్షం... ఒక్కో రాత్రి ఒక్కో కథ. ఏ రాత్రి ఏ ఆట అన్నది ఊళ్లో అందరికీ కంఠతా వచ్చు.

వీధి నాటకం చూస్తే సినిమా కెమెరా నేర్చుకున్న చాలా సంగతులు అందులో ముందే కనిపిస్తాయి. ఇద్దరు మనుషులు అడ్డంగా ఒక తెర పట్టుకుంటారు. తెర వెనక గజ్జెల చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. కాసేపటికి కిరీటం అంచు తేలుతుంది. ఆ తర్వాత ఒక చెయ్యి తెరను పట్టి ఊపుతుంది. మద్దెల జోరందుకుంటుంది. చూసేవాడి ఊపిరి బిగిశాక గానీ తెర తొలగదు. ఇప్పటి సినిమాల్లో హీరోని ముందు కాళ్లు, తర్వాత వీపు, ఆఖరికి ముఖం చూపించడం ఇదే పద్ధతి.

వెలుగు సంగతి మరీ చిత్రం. కరెంటు లేని రోజుల్లో కాగడాలే దీపాలు. ఉగ్రపాత్ర వచ్చే సమయానికి కాగడా మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గున మంట లేచేది. ఆ ఒక్క క్షణం అద్దం ముక్కలు పొదిగిన కిరీటం, భుజకీర్తులు నిప్పుకణికల్లా మెరిసేవి. మరుక్షణం చీకటి. ఆ మెరుపులో చూసిన ముఖాన్ని మిగిలిన రాత్రంతా మనసే గీసుకునేది. పెట్రోమాక్సులు, ట్యూబులైట్లు, ఇప్పుడు ఎల్‌ఈడీ దీపాలు వచ్చాక అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. కానీ చీకటి చేసిపెట్టే ఆ సగం పని మాత్రం పోయింది.

తీగ లేని సాహసం

భారతంలో ఒళ్లు జలదరించే ఘట్టం అర్జున తపస్సు. మైదానంలో తాటిచెట్టంత తపస్సు మాను నాటుతారు. అర్జున వేషధారి పద్యం పాడుతూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. పాశుపతాస్త్రం కోసం కైలాసానికి వెళ్తున్నాడన్నమాట. ఎక్కే కొద్దీ మనిషి చిన్నవాడవుతాడు, గొంతు మాత్రం మైకులోంచి పెద్దదవుతుంది. పైకి చేరాక అక్కడి నుంచి నిమ్మకాయలు, పూలు, విభూది కిందికి విసురుతాడు.

కింద దృశ్యం వేరు. సంతానం లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను చుట్టూ నేలమీద సాగిలపడి ఉంటారు. పైనుంచి పడే ప్రసాదం దక్కితే కడుపు పండుతుందని వాళ్ల నమ్మకం. పక్కన తల్లో అత్తో కూర్చుని కొంగుతో విసురుతుంటుంది. ఇది నాటకమా, మొక్కా అని అడిగితే ఈ సీమలో అర్థం కాని ప్రశ్న అవుతుంది. పైన ఉన్నది పక్క ఊరి ఆటగాడేనని వాళ్లకు తెలుసు. కానీ ఆ కాసేపు అతను అర్జునుడు. అంత ఎత్తున నిలబడినవాడు జారితే ప్రాణానికే ముప్పు. అతను పైన ఒడ్డుతున్నదీ చిన్నది కాదు, వాళ్లు కింద కోరుకుంటున్నదీ చిన్నది కాదు.

సినిమాల్లో ఇదే సన్నివేశం తీయాలంటే నటుడికి నడుం దగ్గర ఉక్కు తీగలు కడతారు. వెనక పచ్చగుడ్డ కడతారు. తర్వాత కంప్యూటర్‌లో పచ్చరంగు తీసేసి ఆకాశం పెడతారు, తీగలు చెరిపేస్తారు. సెకనుకు 24 బొమ్మలు. పది సెకన్ల దృశ్యమైతే 240 బొమ్మల్లో ఆ తీగ ఎక్కడుందో చూసుకుంటూ తుడవాలి. పైన తేలుతున్నవాడికి ఏ ప్రమాదమూ లేదని ప్రేక్షకుడికీ తెలుసు. అందుకే అంత ఎత్తు చూపించినా ఒక్కోసారి అరికాలు చల్లబడదు.

మట్టిలోంచి లేచే రారాజు

ఇక దుర్యోధనుడి సంగతి. ముందు నేలమీద ముగ్గుతోనో తాడుతోనో ఆకారం గీస్తారు. తల ఇక్కడ, భుజాలు ఇక్కడ, కాళ్లు అక్కడ. తర్వాత మట్టి తోలుతారు. నీళ్లు పోసి తొక్కి, ముద్దలు చేసి పేరుస్తారు. ఛాతీ దగ్గర గుట్టలా ఎత్తు, నడుం దగ్గర పల్లం, మళ్లీ తొడల దగ్గర ఎత్తు. ఇలా పడుకోబెట్టడంలోనే కిటుకు ఉంది. ఇంత బరువు మట్టి నిలబడలేదు. పడుకుంటే మాత్రం పదుల అడుగుల పొడవైనా నిలుస్తుంది. పైగా మనిషి దాని ఛాతీ మీద నిలబడి ఆడొచ్చు. పెద్ద బొమ్మ పక్కన చిన్న మనిషి ఉంటేనే బొమ్మ ఎంత పెద్దదో కంటికి తెలుస్తుంది. గ్రాఫిక్స్ బడుల్లో మొదట నేర్పే పాఠాల్లో ఇదొకటి.

పైపూత ఆరాక సున్నం, రంగులు. కళ్లు, మీసం, నగలు దిద్దడం చేయి తిరిగినవారి పని. మిగిలింది అసలు రహస్యం. తొడ దగ్గర గుంటచేసి ఎర్రనీళ్ల కుండ దాచి పైన మట్టి కప్పుతారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబారుతుందన్నది ప్రతి ఇంటికీ తెలిసిన రసాయన శాస్త్రమే. పెళ్లిలో దిష్టి తీసే ఎర్రనీళ్లూ ఇవే, రణంలో రారాజు రక్తమూ ఇదే!

ఆ ఉదయం భీముడు, దుర్యోధనుడు బొమ్మ చుట్టూ తిరుగుతారు, మీదికెక్కుతారు, ఒకరినొకరు రెచ్చగొట్టుకుంటారు. దుర్యోధన వేషధారి ఆవేశంతో జనంలోకి దూసుకొస్తే జనం కేకలు పెడుతూ వెనక్కి తగ్గుతారు. రాత్రంతా ఆడి ఆడి అలిసిన ఒళ్లు, చెమటకు కారిన రంగు, బొంగురుపోయిన గొంతు. ఎట్టకేలకు కృష్ణుడు సైగ చేస్తాడు. గద తొడమీద పడుతుంది. కుండ పగిలి ఎర్రనీళ్లు ఎగజిమ్ముతాయి. ద్రౌపది వచ్చి ఆ నెత్తురు తలకు రాసుకుని, అన్నాళ్లూ విరబోసుకున్న జుట్టు ముడి వేసుకుంటుంది. మైదానం ఒక్కసారిగా హోరెత్తుతుంది. సాయంత్రం అగ్నిగుండం, మర్నాడు ధర్మరాజు పట్టాభిషేకం.

అన్నట్టు, తొడలు విరగ్గొట్టే భీముడు ఈ సీమలోనే, విరిగిన ఎముకలకు కట్లు కట్టే ‘పుత్తూరు కట్టు’ కూడా ఈ సీమలోనే. రారాజు కాస్త ఓపిక పట్టి ఉంటే పుత్తూరు దాకా మోసుకెళ్లేవారని ఎవరైనా చమత్కరిస్తే కాదనలేం.

వీరుడికి అంటిన మచ్చ

సినిమాల్లో మహావీరులు రెండు రకాలు. మడత నలగని దుస్తుల్లో ఎగిరొచ్చి అందర్నీ కాపాడి వెళ్లిపోయేవారు ఒక రకం. దుమ్ము కొట్టుకుపోయి, గాయాలతో, చేసిన తప్పుల బరువు మోస్తూ తిరిగేవారు రెండో రకం. ఈమధ్య ప్రపంచమంతా రెండో రకం కథల వెంట పడుతోంది. మన భారతంలో ఉన్నవారంతా ఆ రెండో రకమే!

గదాయుద్ధంలో నాభి కింద కొట్టకూడదన్నది నియమం. భీముడు కొట్టిందే అక్కడ. నిండుసభలో తొడ చూపించి పిలిచినవాడి తొడ విరగ్గొడతానన్నది అతని శపథం. ప్రతిజ్ఞ నెగ్గితే నియమం ఓడుతుంది. అందుకే ఈ ఊళ్లలో దుర్యోధనుడు పడినప్పుడు ఈలలతో పాటు ఏడుపూ వినిపిస్తుంది. కూలినవాడు దుర్మార్గుడే అయినా రారాజు. కొన్నిచోట్ల జనం ఆ మట్టిని గుప్పెడు తీసుకెళ్లి ధాన్యం గాదెలోనో పొలంలోనో వేసుకుంటారు. చంపిన శత్రువు మట్టే పంటకు మంచిదని నమ్మకం.

2024లో వచ్చిన నాగ్ అశ్విన్ చిత్రం ‘కల్కి 2898 ఏడీ’ మొదలయ్యేది సరిగ్గా ఈ కురుక్షేత్రంతోనే. కృష్ణుడి శాపంతో చావు లేక వేల ఏళ్లు తిరిగే అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ కనిపిస్తారు. మామూలు మనుషులకంటే ఎంతో ఎత్తైన ఆకారం, ఒంటినిండా పాత గుడ్డ చుట్లు, కాలం తినేసిన ముఖం. యుద్ధకాలం నాటి సన్నివేశంలో అదే ముఖాన్ని గ్రాఫిక్స్‌తో యౌవనంలోకి తీసుకెళ్లారు. అదే సినిమాలో ‘బుజ్జి’ అనే వాహనాన్ని మాత్రం పూర్తిగా కంప్యూటర్‌కు వదిలేయలేదు. సుమారు 6 టన్నుల బరువున్న మూడు చక్రాల బండిని నిజంగానే తయారు చేయించారు. ఎందుకంటే బరువు అన్నది బొమ్మ గీసినంత తేలిగ్గా రాదు.

మురికి కోసం కోట్లు

కంప్యూటర్ గీసిన వస్తువుకు పుట్టుకతో ఓ జబ్బు ఉంటుంది. అది మరీ శుభ్రంగా ఉంటుంది. గోడకు చెమ్మ ఉండదు, కవచానికి గీత ఉండదు, పాదం కింద నేల నలగదు. అందుకే నిపుణులు ఆకారం తయారయ్యాక మురికి పూయడం మొదలుపెడతారు. తుప్పు, గీతలు, చెమట మెరుపు, గోళ్లలో మట్టి. అడుగు పడిన చోట దుమ్ము, కాలికీ నేలకూ మధ్య సన్నటి నీడ. ఆ నీడ లేకపోతే ఎంత గొప్ప వీరుడైనా గాల్లో తేలుతున్నట్టే ఉంటాడు. ఎండ కుడివైపు నుంచి వస్తుంటే బొమ్మమీద వెలుగు కూడా కుడివైపు నుంచే పడాలి. చూసేవాడు ఇవేవీ విడిగా గమనించడు. ఒక్కటి తప్పినా ‘గ్రాఫిక్స్ తేలిపోయింది’ అని మాత్రం ఠక్కున చెప్పేస్తాడు.

ఈ విద్యలో తెలుగువారు తక్కువ తినలేదు. 1957లో కె.వి.రెడ్డి ‘మాయాబజార్’ తీసినప్పుడు కంప్యూటర్ ఊసే లేదు. తాడిపత్రి ప్రాంతం నుంచి వెళ్లిన దర్శకుడు, కడప జిల్లా నుంచి వెళ్లిన నిర్మాత బి.నాగిరెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ కలిసి మద్రాసు స్టూడియోలో సుమారు 300 చిట్టి ఇళ్లతో ద్వారకను కట్టించారు. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరొస్తుంటే జనం నోళ్లు వెళ్లబెట్టారు. ఘటోత్కచుడు కూడా భారతం మహాకాయుడే కదా!

ఆ తర్వాత 2012లో ఓ ఈగను హీరోని చేసిన ‘ఈగ’కు స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు దక్కింది. 2024 సంక్రాంతికి వచ్చిన ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’లో హీరో పల్లెటూరి కుర్రాడు. పెద్ద సినిమాలతో పోలిస్తే తక్కువ ఖర్చుతో తీసిన ఆ చిత్రం 2025లో ప్రకటించిన 71వ జాతీయ అవార్డుల్లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఉత్తమ చిత్రంగా నిలిచింది. పోరాటాలకూ అవార్డు వచ్చింది.

ఒక్క తేడా మాత్రం ఉంది. సినిమా తన కిటుకును దాచుకోవాలి. తీగ కనిపిస్తే మాయ పోతుంది. భారతం మైదానంలో దాచేదేం లేదు. మట్టి తోలింది ఊరివాళ్ల ట్రాక్టర్లే, తొక్కింది ఊరివాళ్ల కాళ్లే. కుండ ఎక్కడుందో చిన్నపిల్లాడు కూడా వేలెత్తి చూపిస్తాడు. అయినా గద పడగానే గుండె ఝల్లుమంటుంది. తమ చేత్తో చేసుకున్నవాణ్ని తామే కూల్చుకుంటున్నారు మరి.

మట్టి తొక్కే కాళ్లేవి?

ఈ మాయకు కావలసిన ముడిసరుకు డబ్బు ఒక్కటే కాదు, మనుషులు. వీధి నాటకం ఆడేవారికి పని దొరికేది ప్రధానంగా వేసవి నెలల్లోనే. మిగిలిన రోజుల్లో పొలం పనో కూలిపనో చూసుకోవాల్సిందే. పద్యాలు నోటికి రావాలి, తెల్లవార్లూ గొంతు నిలవాలి, బరువైన కిరీటంతో గిరగిరా తిరగాలి. మాను ఎక్కాలంటే ధైర్యమూ ఉండాలి. ఇన్నీ నేర్చుకున్నా ఇల్లు గడవని చోట, తండ్రి కట్టిన గజ్జెలు కొడుకు కట్టాలంటే ఆలోచిస్తాడు. ఇదే జిల్లాల నుంచి డిగ్రీ చదివిన కుర్రాళ్లు యానిమేషన్ నేర్చుకోవడానికి హైదరాబాద్‌కో చెన్నైకో బయల్దేరడంలో వింతేముంది?

అలా వెళ్లినవాళ్లు ఒక్కసారి తమ ఊరి భారతాన్ని పనిగట్టుకుని చూస్తే బోలెడు పాఠాలు దొరుకుతాయి. ఎంత పెద్ద ఆకారమైనా పక్కన మనిషి ఉంటేనే పెద్దదవుతుంది. మంట ఒక్క క్షణం వెలిగితే చాలు. దెబ్బకు ముందు పద్దెనిమిది రోజులు ఎదురుచూపు ఉంటేనే దెబ్బకు విలువ. వీటిని నేర్పే సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు.

వెళ్లి రావాలంటే...

రైలులో అయితే రేణిగుంట–అరక్కోణం మార్గంలోని పుత్తూరులో దిగి, అక్కడి నుంచి బస్సులోనో ఆటోలోనో కార్వేటినగరం చేరొచ్చు. తిరుపతి నుంచి పొద్దున బయల్దేరితే వేణుగోపాలస్వామి దర్శనం, స్కంద పుష్కరిణి చూసుకుని, దారిలో నారాయణవనం కల్యాణ వేంకటేశ్వరుణ్ని కూడా సేవించుకుని సాయంత్రానికి వెనక్కి రావొచ్చు. భారతం చూడాలనుకుంటే మాత్రం వేసవిలో రావాలి. ఒక్కో ఊరిది ఒక్కో తేదీ కాబట్టి ఏ ఊళ్లో ఎప్పుడో ముందే కనుక్కోవడం మేలు. దుర్యోధన వధ రోజున ఎండ ముదరకముందే మైదానం చేరుకోవాలి. మంచినీళ్లు, గొడుగు, పిల్లలకు టోపీలు మరిచిపోవద్దు.

పండగ అయ్యాక ఆ మహాకాయుణ్ని ఎవరూ ఎత్తి దాచిపెట్టరు. తొలకరి చినుకులకు మీసం చెరుగుతుంది, కళ్లు కరుగుతాయి, ఛాతీ మీద గడ్డి మొలుస్తుంది. మళ్లీ భారతం పెట్టే నాటికి అక్కడ ఉత్త నేలే మిగులుతుంది. మళ్లీ కొలతలు గీయాలి, మళ్లీ మట్టి తోలాలి, మళ్లీ ఊరు ఊరంతా దిగి తొక్కాలి.